కంట్రోల్ సిస్టమ్స్ మొదటి క్లాసు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ట్రిపుల్ఈ_టీచర్

అందరికీ నమస్కారం. ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ట్రిపుల్ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) వాళ్లకి కంట్రోల్ సిస్టమ్స్, అంటే వేగం, వేడి, మట్టం లాంటివాటిని కావాల్సిన చోట నిలబెట్టే పద్ధతులు, చెబుతున్నాను. ఈ సబ్జెక్టు తీసుకోవడం ఇది మూడోసారి. నాకు ఎలా చెప్పారో అలాగే చెప్పుకొస్తున్నా. ఓపెన్ లూప్‌కీ (ఫలితం చూడకుండా నడిపేది) క్లోజ్డ్ లూప్‌కీ (ఫలితం చూసి సరిదిద్దుకునేది, అదే ఫీడ్‌బ్యాక్) తేడాలు ఒక పట్టిక, వెంటనే బ్లాక్ డయాగ్రం రిడక్షన్, తర్వాత సిగ్నల్ ఫ్లో గ్రాఫ్, మేసన్ ఫార్ములా. పిల్లలు లెక్కలు చేస్తున్నారు, మార్కులూ తెచ్చుకుంటున్నారు.

పోయిన సెమిస్టర్ చివర్లో ఒకమ్మాయి నా గదికొచ్చింది. ఇంటర్నల్స్‌లో క్లాస్ ఫస్ట్. రూట్ లోకస్ గీయమంటే అచ్చు పుస్తకంలో బొమ్మలా గీస్తుంది. "మేడమ్, పోల్ అంటే నిజంగా ఏంటి? అవుట్‌పుట్ బై ఇన్‌పుట్ రాస్తే డినామినేటర్ సున్నా అయ్యే చోటని తెలుసు. మోటార్లో అది ఎక్కడుంటుంది?" అని అడిగింది. నేనేదో చెప్పాను. ఆ జవాబు ఆ అమ్మాయికి చాల్లేదు. ఇంటికెళ్లాక ఆలోచిస్తే నాకూ చాల్లేదు.

ఈసారి మొదటి రెండు వారాలు పూర్తిగా మార్చేద్దామనుకుంటున్నా. ప్లాంట్లలో చేసినవాళ్లు, పాఠాలు చెప్పినవాళ్లు, ఇప్పుడు చదువుతున్నవాళ్లు మీకు ఈ సబ్జెక్టు ఎప్పుడు వెలిగిందో చెప్పండి.

డీసీఎస్_బెంచ్

మేడమ్, నాది థర్మల్ ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్. నాకు కాలేజీలో వెలగలేదు, బాయిలర్ డ్రమ్ దగ్గర వెలిగింది.

డ్రమ్‌లో (నీళ్లూ ఆవిరీ వేరయ్యే పెద్ద పీపా) నీటిమట్టం ఒక హద్దులో ఉండాలి. బాగా తగ్గితే ట్యూబులు కాలిపోతాయి. బాగా పెరిగితే నీటి తుంపర ఆవిరితో కలిసి టర్బైన్ దాకా వెళుతుంది. ఇప్పుడు లోడ్ ఒక్కసారిగా పెరిగిందనుకోండి. టర్బైన్ ఆవిరిని ఎక్కువగా లాగుతుంది, డ్రమ్‌లో ప్రెషర్ పడుతుంది, నీళ్లలోని ఆవిరి బుడగలు ఉబ్బుతాయి. దాంతో మట్టం పైకి లేస్తుంది! లోపల నీళ్లు తరిగిపోతుంటే గేజ్ మాత్రం పెరిగిందని చూపిస్తుంది. లెవెల్ ఒక్కటే చూసుకునే కంట్రోలర్ అది నమ్మి ఫీడ్ వాటర్ తగ్గిస్తుంది. నీళ్లు కావాల్సిన సమయంలో నీళ్లు కోస్తుందన్నమాట. దీన్ని మేం స్వెల్ అంటాం. లోడ్ పడిపోయినప్పుడు ఇదే తిరగబడితే ష్రింక్.

చేరిన కొత్తలో ఒక నైట్ షిఫ్ట్‌లో ఆపరేటర్ ఆ లూప్‌ని ఆటోలోంచి తీసి మాన్యువల్‌లో పెట్టేశాడు. లెవెల్ ఎక్కువుంది కదన్నా, ఇంకా నీళ్లు పెంచుతావేంటని అడిగాను. "నువ్వు లెవెల్ చూస్తున్నావు, నేను ఆవిరి చూస్తున్నా" అన్నాడు. త్రీ ఎలిమెంట్ కంట్రోల్ అంటే ఆయన చేతుల్లో ఉన్నదే: మట్టంతో పాటు బయటికెళ్లే ఆవిరి ఫ్లో, లోపలికొచ్చే నీటి ఫ్లో కూడా చూడటం. కుడి సగంలో ఉండే జీరో గురించి కాలేజీలో రెండు మార్కుల ప్రశ్న రాశాను. ఆ రాత్రి దాన్ని కళ్లారా చూశాను: ముందు తప్పు దిక్కుకి వెళ్లి, తర్వాత సరైన దిక్కుకి తిరిగే వ్యవస్థ.

మొదటి రోజే డ్రమ్ లెవెల్ చెప్పమనడం లేదు. కానీ మొదటి రోజు పిల్లలకి కనబడాల్సింది, కంట్రోలర్‌కి మొత్తం ప్రపంచం తెలియదని, సెన్సర్ చూపించింది మాత్రమే తెలుస్తుందని.

ఈసీఈ_మూడో_ఏడు

స్టూడెంట్ వైపు నుంచి చెబుతాను మేడమ్. జీటా (ఊపు ఎంత త్వరగా చచ్చుబడుతుందో చెప్పే అంకె) 0.5 అంటే పీక్ ఓవర్‌షూట్ (కావాల్సిన విలువని దాటిపోయేది) ఎంతో అడిగితే నిద్రలో కూడా 16 శాతం అంటాం. ఊగుతున్న దేన్నైనా ముందు పెట్టి దీని జీటా ఎంతుంటుందని అడిగితే నోరు తెరవలేం. బైక్ షాకబ్జార్బర్ పోతే బండి ఎత్తు దిగాక నాలుగైదు సార్లు ఊగుతుంది కదా, అది జీటా తగ్గడమేనని మెకానిక్ షెడ్‌లో కూర్చున్నప్పుడు తట్టింది. క్లాసులో ఒక్కసారి కూడా తట్టలేదు.

పాలిటెక్నిక్_మాస్టారు

అమ్మా, నేను రిటైరై చాలాకాలమైంది. నా మొదటి క్లాసుకి రెండే వస్తువులు తీసుకెళ్లేవాణ్ణి, ఒక మీటరు కర్ర, ఒక పెన్సిలు.

ఒక కుర్రాణ్ణి పిలిచి కర్రని అరచేతిలో నిలబెట్టమంటాను. కాసేపు తడబడి నిలబెట్టేస్తాడు. ఇప్పుడు పెన్సిలు నిలబెట్టమంటాను. ఎవరి వల్లా కాదు. పెన్సిలు తేలిక, చిన్నది, మరి ఎందుకు కష్టం? క్లాసంతా మాట్లాడటం మొదలుపెడుతుంది. ఆ గోల ఒక పది నిమిషాలు సాగనివ్వాలి, ఆపకూడదు.

తర్వాత బోర్డు మీద లెక్క. నిటారుగా ఉన్న కడ్డీ పడిపోయే వేగం దాని పొడవు మీద ఆధారపడుతుంది. వంపు సుమారు 2.7 రెట్లు పెరగడానికి మీటరు కర్రకి పావు సెకను పైచిలుకు పడుతుంది. 18 సెంటీమీటర్ల పెన్సిలుకి 0.11 సెకను. కన్ను చూసి చెయ్యి కదలడానికి మనిషికి 0.2 సెకను అటూఇటూ కావాలి. కర్ర మనకి టైమిస్తుంది, పెన్సిలు ఇవ్వదు. అస్థిరమైన పోల్ ఎంత వేగంగా ఉందో, మన లూప్‌లో ఆలస్యం ఎంతుందో, ఆ రెండింటి మధ్య పందెం ఇది.

చివరగా అదే కుర్రాణ్ణి కర్ర పైకొనని కాకుండా చేతి దగ్గర కొనని చూస్తూ నిలబెట్టమంటాను. కర్ర పడిపోతుంది. కర్ర అదే, చెయ్యీ అదే, సెన్సర్ పెట్టిన చోటు మారింది. ఈ ముక్క మీద ఒక పూట గడిపినా దండగ కాదు.

గేట్_తయారీ

అందరి మాటా గౌరవిస్తూనే నా అభ్యంతరం చెబుతాను. గేట్ పరీక్షలో ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్ మూడు పేపర్లలోనూ కంట్రోల్ సిస్టమ్స్ ఉంది. కర్రలు నిలబెడుతూ రెండు వారాలు పోతే బోడే ప్లాట్, నైక్విస్ట్ దగ్గరికొచ్చేసరికి సెమిస్టర్ అయిపోతుంది. మా బ్యాచ్‌కి సరిగ్గా అదే జరిగింది.

ఇంకొకటి. నేను సెకండియర్‌లో లైన్ ఫాలోయర్ రోబో చేశాను. కేపీ (ఎర్రర్‌కి, అంటే కావాల్సినదానికీ ఉన్నదానికీ ఉన్న తేడాకి, ఎంత స్పందించాలో) ఒక అంకె, కేడీ (ఆ తేడా మారే వేగానికి ఎంత స్పందించాలో) ఒక అంకె వేసి, ఊగితే తగ్గించి, మందంగా ఉంటే పెంచి, మూడు రోజులకి నడిపించాను. ప్రైజ్ కూడా వచ్చింది. ఆ మూడు రోజుల్లో కంట్రోల్ గురించి నేను నేర్చుకున్నది ఏమీ లేదు. ఆ అంకెలే ఎందుకు పనిచేశాయో ఇప్పటికీ చెప్పలేను. గణితం లేకుండా బొమ్మలాటతో మొదలుపెడితే అందరూ నాలాగే తయారవుతారని భయం.

డీసీఎస్_బెంచ్

తమ్ముడూ, నువ్వు చెప్పిన రెండో మాట నూటికి నూరుపాళ్లు నిజం. ప్లాంట్లలో కూడా లూపులు అలా అంకెలు తిప్పుతూ ట్యూన్ చేసేవాళ్లున్నారు. సీజన్ మారగానే హంటింగ్ (లూప్ అదేపనిగా ఊగడం) మొదలు, మళ్లీ మాన్యువల్.

సోల్డర్_పొగ

ఈ రెండు వాదాలకీ పొత్తు కుదిరే ప్రయోగం ఒకటుంది. ఖర్చు కూడా తక్కువ. నేను జూనియర్లకి ఇదే చేయిస్తుంటా.

కావాల్సినవి: 47 ఓమ్‌ల 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్ (తెల్లగా, పొడుగ్గా ఉంటుంది), 12 వోల్టుల అడాప్టర్, ఎల్ఎమ్35 టెంపరేచర్ సెన్సర్, లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్) ఒకటి, ఆర్డునో ఊనో (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న బోర్డు). హైదరాబాద్ వాళ్లయితే కోఠీ గుజరాతీ గల్లీలో అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. సెన్సర్‌ని రెసిస్టర్‌కి ఆనించి వేడికి ఆగే టేప్‌తో గట్టిగా చుట్టాలి. పూర్తి పవర్ ఇస్తే 3 వాట్లు, వంద డిగ్రీలు దాటుతుంది. ముట్టుకోవద్దని పిల్లలకి ముందే చెప్పండి.

మొదట ఫీడ్‌బ్యాక్ వద్దు. పవర్ 50 శాతం ఇచ్చి వదిలేసి, సెకనుకోసారి టెంపరేచర్ రాసుకోవాలి. మా కిట్‌లో 30 దగ్గర మొదలై 66 దగ్గర నిలిచింది. అంటే 50 శాతానికి 36 డిగ్రీలు, శాతానికి 0.72. ఇది గెయిన్. 36లో 63 శాతం సుమారు 23 డిగ్రీలు. గ్రాఫ్ 53 దగ్గరికి రావడానికి 200 సెకన్లు పట్టింది. ఇది టైమ్ కాన్‌స్టెంట్. మోడల్ అయిపోయింది. ఈ రెండంకెలే.

ఇప్పుడు అసలు సంగతి. కంట్రోలర్ ఆన్ చేయకముందే ఏం జరుగుతుందో కాగితం మీద రాయించండి. సెట్ పాయింట్ (కావాల్సిన టెంపరేచర్) 50, కేపీ 5, ప్రపోర్షనల్ (కేపీ భాగం) ఒక్కటే. లూప్ గెయిన్ 5 ఇంటూ 0.72, అంటే 3.6. మిగిలిపోయే ఎర్రర్: మొదటి తేడా 20ని (50−30) 4.6తో (1+3.6) భాగిస్తే 4.35. కాబట్టి 50కి చేరదు, 45.6 దగ్గర ఆగిపోతుంది. ఈ అంకెకి గడి కట్టి, పక్కన పేరు రాసి, అప్పుడు స్విచ్ వేయాలి.

ట్రిపుల్ఈ_టీచర్

సోల్డర్_పొగ గారూ, ఇది చాలా నచ్చింది. ముందు రాసి తర్వాత స్విచ్ వేయడం అన్న ఒక్క మాటతో నా లాబ్ పద్ధతి మొత్తం మారిపోతుంది. ఇప్పటిదాకా మా లాబ్‌లో ప్రయోగం చేసి, రీడింగులు తీసి, పుస్తకంలో ఉన్న గ్రాఫ్‌తో పోల్చి సంతకం పెట్టించుకోవడమే.

గేట్_తయారీ

ఇలాగైతే నాకూ అభ్యంతరం లేదు. ఇంకో ముక్క కలపండి మేడమ్. ఫీడ్‌బ్యాక్ లేనప్పుడు పోల్ మైనస్ 1 బై 200, అంటే −0.005 దగ్గర ఉంది. కేపీ 5 పెట్టాక −4.6 బై 200, అంటే −0.023కి జరిగింది. టైమ్ కాన్‌స్టెంట్ 200 నుంచి సుమారు 43 సెకన్లకి పడిపోతుంది. రెసిస్టర్ మారలేదు, పోల్ జరిగింది. కేపీ పెంచుకుంటూ పోతే ఆ చుక్క ఎడమకి ఎలా నడుస్తుందో గీస్తే అదే రూట్ లోకస్. ఎనిమిది రూల్స్ బట్టీ పట్టినప్పుడు ఎవరూ నాకు ఇలా చెప్పలేదు.

పాలిటెక్నిక్_మాస్టారు

బాగా చెప్పావు నాయనా. రౌత్ పట్టిక గురించి కూడా ఒకటి. పిల్లలు దాన్ని ఎక్కడి నుంచో ఊడిపడ్డ గళ్లనుడికట్టులా చూస్తారు. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి ఇంజినుకి తిరిగే గుండ్ల గవర్నర్ పెట్టాడు. ఇంజిన్లు మెరుగై, రాపిడి తగ్గేకొద్దీ కొన్ని గవర్నర్లు వేగాన్ని నిలబెట్టడం మాని ఊగడం మొదలుపెట్టాయి. బాగు చేసినకొద్దీ పాడవడం! మాక్స్‌వెల్ 1868లో గవర్నర్ల మీద రాసిన పేపర్‌లో దీన్ని సమీకరణంలో పెట్టి, ఊపు చచ్చుబడాలంటే మూలాల రియల్ భాగాలన్నీ నెగెటివ్‌గా ఉండాలని తేల్చాడు. ఏ డిగ్రీ సమీకరణానికైనా మూలాలు కనుక్కోకుండానే ఆ సంగతి తేల్చే దారి 1877లో రౌత్ చూపించాడు. కంప్యూటర్ లేని రోజుల్లో ఐదో డిగ్రీ సమీకరణం మూలాలు చేత్తో తీయడం ఎంత కష్టమో ఒకసారి చేయించి చూపండి. తర్వాత పట్టిక చెబితే చేతులెత్తి తీసుకుంటారు.

ఈసీఈ_మూడో_ఏడు

కిట్ కొనలేని వాళ్లం ఏం చేయాలి సర్?

సోల్డర్_పొగ

కంప్యూటర్లో చేసి చూడటానికి సైలాబ్, ఆక్టేవ్ రెండూ ఉచితం. పైథాన్‌లో కూడా కంట్రోల్ లైబ్రరీ ఉంది. పాఠాలకి ఎన్‌పీటెల్ (ఐఐటీల వీడియో పాఠాలు) ఉంది. కానీ అక్కడ కూడా ఇదే నియమం పాటించు. రన్ కొట్టకముందు గ్రాఫ్ చేత్తో గీసి పక్కన పెట్టుకో. అలా కాకుండా రన్ కొట్టి వచ్చిందాన్ని చూస్తూ కూర్చుంటే సినిమా చూసినట్టే ఉంటుంది. నలుగురు కలిసి ఒక కిట్ కొనుక్కోగలిగితే మాత్రం అదే మేలు. అసలు వస్తువు మోడల్ మాట వినని చోటే పాఠం ఉంటుంది.

ట్రిపుల్ఈ_టీచర్

మూడు వారాల తర్వాత వస్తున్నా. జరిగింది రాయాలి.

మొదటి క్లాసు కర్ర, పెన్సిలు. మాస్టారు గారూ, మీరు చెప్పిన గోల మీరు చెప్పినట్టే వచ్చింది, పక్క క్లాసు నుంచి సార్ వచ్చి తొంగిచూశారు. రెండో వారం లాబ్‌లో పన్నెండు కిట్లు, ఐదుగురికొకటి. ప్రతి బ్యాచ్ తమ రెసిస్టర్‌ని కొలిచి, అంకె రాసి, గడి కట్టి, అప్పుడే స్విచ్ వేశారు. ఒక బ్యాచ్ 45.6 రాసింది. తెర మీద అంకె 44 దాటి, 45 దాటి నెమ్మదించి, 45.4 దగ్గర నిలబడింది. ఆ ఐదుగురూ అరిచిన అరుపు నేను లాబ్‌లో ఎప్పుడూ వినలేదు. లెక్కలో వచ్చిన అంకె వస్తువులో కనబడటం వాళ్లకి అదే మొదటిసారి.

కానీ ఇంకో బ్యాచ్ కూడా 45.6 రాసింది, వాళ్లది 44.5 దగ్గరే ఆగిపోయింది. లెక్క మూడుసార్లు చూసుకున్నారు, తప్పు లేదు. మొహాలు చిన్నబోయాయి. అప్పుడొకబ్బాయి పైకి చూశాడు. వాళ్ల బల్ల మీద సీలింగ్ ఫ్యాన్ తిరుగుతోంది. ముందు కొలిచినప్పుడు కరెంటు లైన్ పని జరుగుతూ ఫ్యాన్లు లేవు, కిట్లు యూపీఎస్ మీద నడిచాయి. గాలికి రెసిస్టర్ చల్లబడి గెయిన్ తగ్గిపోయింది.

నేను అక్కడితో వదల్లేదు. ఫీడ్‌బ్యాక్ తీసేసి, ఫ్యాన్ లేకుండా 45.6 నిలిచే పవర్‌ని, అంటే సుమారు 22 శాతాన్ని, కదలకుండా పెట్టించి ఫ్యాన్ వేయించాను. టెంపరేచర్ 41 దగ్గరికి దిగిపోయింది. ఫీడ్‌బ్యాక్ ఉన్నప్పుడు అదే ఫ్యాన్‌కి ఒక్క డిగ్రీ చిల్లర తగ్గింది. సెన్సిటివిటీ (వస్తువు మారితే ఫలితం ఎంత మారుతుందో) అని ఏటా రెండు పేజీల డెరివేషన్ రాయించేదాన్ని. ఈసారి డెరివేషన్ వాళ్లే అడిగి రాయించుకున్నారు.

పోల్ ఎక్కడుంటుందని అడిగిన అమ్మాయి ఇప్పుడు ఫైనలియర్. ఖాళీ పీరియడ్‌లో లాబ్‌కొచ్చి రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. "ఇది రెసిస్టర్ సొంత నిదానం మేడమ్, ఇది ఫీడ్‌బ్యాక్ ఇచ్చిన తొందర. పోల్ అంటే ఈ నిదానమేగా" అంది. అవునన్నాను.

డీసీఎస్_బెంచ్

మేడమ్, ఫ్యాన్ సంగతి చదివి మనసు నిండిపోయింది. ఇంటెగ్రల్ (మిగిలిన ఎర్రర్‌ని కూడుకుంటూ పోయే భాగం) కలిపారా?

ట్రిపుల్ఈ_టీచర్

కలిపామండీ. 50కి చక్కగా చేరింది. తర్వాత ఒక బ్యాచ్ ఉత్సాహంగా సెట్ పాయింట్ ఒక్కసారి 80కి మార్చింది. టెంపరేచర్ 80 దాటి 88 దాకా వెళ్లి, అక్కడే తిష్ఠ వేసి, చాలాసేపటికి దిగింది. కేఐ (ఇంటెగ్రల్ అంకె) తగ్గించినా పెద్ద తేడా రాలేదు.

డీసీఎస్_బెంచ్

అది విండప్. 50 నుంచి 80కి వెళ్లేటప్పుడు ఎర్రర్ పెద్దది, హీటర్ 100 శాతం దగ్గర ఆగిపోయింది, అంతకుమించి ఇవ్వలేదు. ఇంటెగ్రల్‌కి ఆ సంగతి తెలియదు. ఎర్రర్ ఉంది కదా అని కూడుతూనే ఉంటుంది. 80 దాటాక ఎర్రర్ గుర్తు తిరగబడినా, ముందు పోగుచేసిన బాకీ తీరేదాకా హీటర్ తగ్గదు. ప్రోగ్రాంలో ఒక్క షరతు పెట్టించండి: అవుట్‌పుట్ 100 దగ్గర ఉండి, ఎర్రర్ ఇంకా పాజిటివ్‌గా ఉంటే ఇంటెగ్రల్‌లో కూడొద్దు. సున్నా దగ్గర కూడా అలాగే. ప్లాంట్‌లో వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు మా కంట్రోలర్లు చేసేదీ ఇదే.

ట్రిపుల్ఈ_టీచర్

పెట్టాం. ఓవర్‌షూట్ దాదాపు పోయింది, 81 దాటలేదు. డెరివేటివ్ (కేడీ భాగం) మాత్రం నరకం చూపిస్తోంది, కేడీ 40 పెడితే హీటర్ టపటపా కొట్టుకుంటోంది.

సోల్డర్_పొగ

ఎల్ఎమ్35 డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. ఊనో 5 వోల్టులని 1024 భాగాలు చేస్తుంది, అంటే మెట్టుకి 4.9 మిల్లీవోల్టులు, దగ్గరదగ్గర అర డిగ్రీ. టెంపరేచర్ మెల్లగా పెరుగుతున్నా ఆర్డునోకి అర డిగ్రీ చొప్పున దూకుతున్నట్టే కనబడుతుంది. సెకనులో అర డిగ్రీ దూకితే కేడీ 40తో అవుట్‌పుట్ 20 శాతం ఎగురుతుంది. మీరు చూసేది అదే. ఎనలాగ్ రిఫరెన్స్‌ని లోపలున్న 1.1 వోల్టులకి మార్చండి, మెట్టు 0.1 డిగ్రీకి వస్తుంది. 110 డిగ్రీల దాకానే కొలవగలరు, మీకు అది చాలు. పైన చిన్న ఫిల్టర్ ఒకటి. అసలు ఈ రెసిస్టర్‌కి డెరివేటివ్ అవసరమే లేదు, పీఐ (ప్రపోర్షనల్, ఇంటెగ్రల్) చాలు. ఆ సంగతి కూడా పిల్లల చేతే చెప్పించండి.

ఈసీఈ_మూడో_ఏడు

మేడమ్, మీ చర్చ చూసి మేం నలుగురం హాస్టల్లో కిట్ కట్టాం. మోడల్ ప్రకారం ఫస్ట్ ఆర్డర్ కదా, కేపీ ఎంత పెంచినా ఊగకూడదు. మాది 40 దాటాక ఊగుతోంది, ఆగట్లేదు. లెక్కలో ఎక్కడ తప్పాం?

డీసీఎస్_బెంచ్

లెక్క తప్పలేదు తమ్ముడూ, మోడల్లో ఒకటి వదిలేశారు. హీటర్ ఆన్ చేసిన క్షణం నుంచి సెన్సర్‌లో మొదటి కదలిక వచ్చేదాకా ఎంతసేపు పడుతోంది? వేడి రెసిస్టర్ లోపలి నుంచి టేప్ కింద సెన్సర్‌లోకి పాకాలి. అది డెడ్ టైమ్. గీజర్ నల్లా తిప్పాక వేడినీళ్లు షవర్ దాకా రావడానికి పట్టే టైమ్ లాంటిదే. ఓపిక లేక ఇంకా తిప్పితే కాసేపటికి ఒళ్లు కాలుతుంది, భయపడి తగ్గిస్తే చన్నీళ్లు. మీలాంటి నిదానమైన ప్రాసెస్‌లో హద్దు దగ్గర ఊగే ఒక్కో ఊపుకి పట్టే సమయం డెడ్ టైమ్‌కి సుమారు నాలుగు రెట్లుంటుంది. మీ ఊపు ఎంత?

ఈసీఈ_మూడో_ఏడు

ఇప్పుడే చూశాను అన్నా. శిఖరం నుంచి శిఖరానికి 52 సెకన్లు. అంటే డెడ్ టైమ్ 13 అయి ఉండాలి. గోడ మీద రాసి గడి కట్టాను. రెసిస్టర్ చల్లారాక రాత్రికి కొలిచి చెబుతాను.